రియల్ ఎస్టేట్ ఏజెంటు నమోదు (తెలంగాణ)

రియల్ ఎస్టేట్ ఏజెంటు అనగా ప్లాటు, ఫ్లాటు లేదా భవనం కొనేవారిని, అమ్మేవారిని ఒకరికొకరిని పరిచయం చేసి, బేరం కుదిర్చి, అందుకు ప్రతిఫలంగా కమీషను తీసుకొనే వ్యక్తి లేదా సంస్థ. వాడుకలో వీరిని బ్రోకరు, దళారి, మధ్యవర్తి అని కూడా పిలుస్తారు. రియల్ ఎస్టేట్ (నియంత్రణ, అభివృద్ధి) చట్టం, 2016 ప్రకారం ఈ పని చేసేవారు తమ రాష్ట్రంలోని రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ (రెరా) వద్ద తప్పనిసరిగా నమోదు కావాలి. తెలంగాణలో ఈ నమోదుకు విద్యార్హత, ప్రవేశ పరీక్ష లేవు. కనుక ఏజెంటుకు నమోదు సంఖ్య ఉండడం అతని గుర్తింపును, జవాబుదారీతనాన్ని తెలుపుతుందే గాని, అతనికి భూమి చట్టాలు తెలుసునని గాని, అతను చూపే స్థలం నిర్మాణానికి తగినదని గాని హామీ ఇవ్వదు. ఈ తేడా రంగారెడ్డి జిల్లా, మొయినాబాద్ మండలానికి చెందిన అజీజ్‌నగర్ వంటి చోట్ల కొనుగోలుదారులకు చాలా ముఖ్యమైనది.

చరిత్ర

2016కు పూర్వం దేశమంతటికీ వర్తించే ఏజెంట్ల చట్టం ఏదీ లేదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని పదవ అధ్యాయం (182 నుండి 238 వరకు గల సెక్షన్లు) ఏజెంటుకు, అతనిని నియమించినవారికి మధ్య ఉండే సాధారణ హక్కులను, బాధ్యతలను మాత్రమే నిర్దేశించింది. హర్యానా 2008లో ప్రాపర్టీ డీలర్ల నియంత్రణకు ప్రత్యేక చట్టం చేసింది. తెలుగు ప్రాంతాలలో మాత్రం ఊరిలో పదిమందికి తెలిసిన మనిషే మధ్యవర్తిగా ఉండి, నోటి మాట మీదనే బేరాలు కుదిర్చేవాడు.

రెరా చట్టాన్ని 2016 మార్చిలో పార్లమెంటు ఆమోదించింది. చట్టంలోని కొన్ని సెక్షన్లు 2016 మే 1 నుండి, ప్రాజెక్టుల, ఏజెంట్ల నమోదుకు సంబంధించినవి 2017 మే 1 నుండి అమలులోకి వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం 2017 జూలై 31న రాష్ట్ర నియమావళిని జారీ చేసింది. నమోదు కోసం ఏర్పాటు చేసిన వెబ్‌సైటు 2018 ఆగస్టులో ప్రారంభమైనది. 2023 జూన్‌లో ఎన్.సత్యనారాయణ అధ్యక్షుడుగా, ఇద్దరు సభ్యులతో పూర్తిస్థాయి సంస్థను నియమించారు.

ఎవరు నమోదు కావాలి

చట్టంలోని 2(జడ్‌ఎమ్) నిర్వచనం విస్తృతమైనది. కొనేవారిని, అమ్మేవారిని ఏ మాధ్యమం ద్వారానైనా కలిపి, రుసుము లేదా కమీషను పొందేవారందరూ ఏజెంట్లే. ప్రాపర్టీ డీలర్లు, బ్రోకర్లు, మధ్యవర్తులు ఈ నిర్వచనంలోకి వస్తారు. అమెరికాలో వలె బ్రోకరు, సేల్స్‌పర్సన్ అనే రెండు అంచెలు ఇక్కడ లేవు.

అయితే ఈ నిర్వచనం "రియల్ ఎస్టేట్ ప్రాజెక్టు"లోని ప్లాటు, ఫ్లాటు, భవనాలకు సంబంధించినది. సాగుభూమిని సాగుభూమిగానే ఒకరి నుండి మరొకరికి అమ్మించే వ్యవహారం దీని కిందికి రాదు. 500 చదరపు మీటర్లకు (సుమారు 598 చదరపు గజాలు) మించని స్థలంలోనివి, అలాగే ఎనిమిది ఫ్లాట్లకు మించనివి అయిన ప్రాజెక్టులకు నమోదు అక్కరలేదు. తెలంగాణలో 2017 జనవరి 1కి పూర్వం అనుమతి పొందిన ప్రాజెక్టులను కూడా మినహాయించారు.

అర్హతలు, దరఖాస్తు

వ్యక్తులు, భాగస్వామ్య సంస్థలు, కంపెనీలు దరఖాస్తు చేసుకోవచ్చు. ఒప్పందానికి బాధ్యత వహించగల మేజరు (18 ఏళ్లు నిండినవారు) అయి ఉండాలి. దరఖాస్తును ఆన్‌లైన్‌లో సమర్పించాలి. దానితో పాటు ఇవ్వవలసిన ముఖ్య వివరాలు:

* దరఖాస్తుదారు పేరు, చిరునామా, ఫోటో (సంస్థ అయితే భాగస్వాముల లేదా డైరెక్టర్ల వివరాలు, ఫోటోలు)
* పాన్ కార్డు ప్రతి
* వ్యాపారం చేసే చోటికి చిరునామా రుజువు
* గత మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు; రిటర్ను దాఖలు చేయనక్కరలేనివారైతే ఆ మేరకు ప్రకటన
* సంస్థ అయితే దాని రిజిస్ట్రేషను పత్రాలు, నియమావళి

నియమావళి ప్రకారం నమోదు రుసుము వ్యక్తులకు 10,000 రూపాయలు, సంస్థలకు 50,000 రూపాయలు. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకోవాలి. నిర్ణీత గడువులోగా సంస్థ నుండి ఏ సమాచారమూ రాకపోతే నమోదు జరిగినట్లే భావించాలని చట్టం చెబుతున్నది. దరఖాస్తును తిరస్కరించే ముందు దరఖాస్తుదారు వాదన వినాలి. ఒక నమోదు రాష్ట్రమంతటా చెల్లుతుంది, రాష్ట్రం దాటి చెల్లదు. తెలంగాణ ఏజెంటు ఆంధ్రప్రదేశ్‌లోని ప్రాజెక్టులను అమ్మించాలంటే అక్కడి రెరాలో వేరుగా నమోదు కావాలి. ఏడాదికి 20 లక్షల రూపాయలు మించి వ్యాపారం జరిగితే జీఎస్టీ నమోదు కూడా అవసరం. కమీషను ఇంత ఉండాలని రెరా చట్టం నిర్ణయించలేదు. అది ఇరుపక్షాల ఒప్పందం.

విధులు

చట్టంలోని 9, 10 సెక్షన్లు ఏజెంటు విధులను తెలుపుతాయి.

* రెరాలో నమోదు కాని ప్రాజెక్టులోని ప్లాటును గాని, ఫ్లాటును గాని అమ్మించరాదు.
* తాను కుదిర్చిన ప్రతి అమ్మకంలోను తన నమోదు సంఖ్యను పేర్కొనాలి.
* లెక్కల పుస్తకాలను, పత్రాలను భద్రపరచాలి.
* లేని అనుమతులు ఉన్నట్లు నోటితో గాని, రాతతో గాని, బొమ్మలతో గాని చెప్పరాదు.
* కొనుగోలుదారుకు హక్కుగా రావలసిన సమాచారం, పత్రాలు బుకింగ్ సమయంలోనే అందేలా చూడాలి.

శిక్షలు, ఫిర్యాదులు

నమోదు లేకుండా పనిచేసినా, 10వ సెక్షన్‌ను ఉల్లంఘించినా తప్పు కొనసాగిన ప్రతి రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆ ఆస్తి విలువలో 5 శాతం వరకు జరిమానా విధించవచ్చు (62వ సెక్షన్). తప్పుడు వివరాలతో లేదా మోసంతో నమోదు పొందినట్లు తేలితే దానిని రద్దు చేయవచ్చు. నష్టపోయినవారు 31వ సెక్షన్ కింద ఏజెంటు మీద రెరాకు ఫిర్యాదు చేయవచ్చు. రెరా ఉత్తర్వు మీద 60 రోజులలోగా అప్పీలు ట్రిబ్యునలును ఆశ్రయించవచ్చు. అప్పీలు ట్రిబ్యునలు ఆదేశాన్ని పాటించని ఏజెంటుకు ఏడాది వరకు జైలు శిక్ష పడే అవకాశం ఉన్నది.

అజీజ్‌నగర్ ప్రాంతం

హైదరాబాదు నుండి చేవెళ్ల వెళ్లే రహదారి మీద, ఉస్మాన్‌సాగర్ (గండిపేట), హిమాయత్‌సాగర్ జలాశయాల నడుమ అజీజ్‌నగర్ ఉన్నది. 1908 నాటి మూసీ వరదల తరువాత నిర్మించిన ఈ జలాశయాలు వరుసగా 1920లో, 1927లో పూర్తయ్యాయి. వీటి రక్షణ కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1996 మార్చి 8న 111వ నంబరు ఉత్తర్వు (జీవో 111) జారీ చేసింది. జలాశయాల పూర్తి నీటిమట్టం నుండి 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య కారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను ఇది నిషేధించింది. నివాస జోనుగా గుర్తించిన చోట మాత్రం ఇళ్లకు వీలు కల్పించి, లేఅవుటులో 60 శాతం స్థలాన్ని రోడ్లకు, ఖాళీ ప్రదేశాలకు వదలాలని, నిర్మాణ విస్తీర్ణం స్థలంలో సగానికి మించరాదని షరతు పెట్టింది. ఈ పరిధిలోని 84 గ్రామాలలో అజీజ్‌నగర్ ఒకటి. మొత్తం విస్తీర్ణం సుమారు 1.32 లక్షల ఎకరాలు. 10 కిలోమీటర్ల లోపల పరిశ్రమ స్థాపనకు అనుమతించరాదని సుప్రీంకోర్టు 2000 డిసెంబరులో ఒక కేసులో తీర్పు చెప్పింది.

2022 ఏప్రిల్ 12న తెలంగాణ ప్రభుత్వం 69వ నంబరు ఉత్తర్వు ద్వారా, జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినరాదన్న షరతుతో ఈ ఆంక్షల తొలగింపును ప్రకటించి, విధివిధానాల కోసం ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన కమిటీని నియమించింది. 2023 మే 18న జీవో 111ను పూర్తిగా రద్దు చేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. ఇటువంటి ప్రకటనకు, ఒక సర్వే నంబరులో ఇల్లు కట్టడానికి అనుమతి రావడానికి మధ్య చాలా దూరం ఉంటుంది. మాస్టర్ ప్లానులో భూ వినియోగం మారాలి, సాగుభూమిని వ్యవసాయేతర భూమిగా మార్చుకోవాలి, లేఅవుటుకు అనుమతి రావాలి, ఆపైన రెరా నమోదు జరగాలి. "ఆంక్షలు పోయాయి" అన్న ఒక్క మాట మీద ప్లాటు కొన్నవారు ఈ మెట్లన్నీ దాటవలసి ఉంటుంది.

ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. సాగుభూమిని కొద్ది గుంటల ముక్కలుగా చేసి "ఫామ్ ప్లాటు" పేరుతో అమ్మినప్పుడు కొనుగోలుదారు చేతికి వచ్చేది భూమి మీద హక్కే గాని, ఇల్లు కట్టుకొనే అనుమతి కాదు. అమ్మేవారు భూమిని ప్లాట్లుగా అభివృద్ధి చేసి అమ్ముతున్నట్లయితే అది నమోదు కావలసిన ప్రాజెక్టే అవుతుంది. నమోదు లేకుండా దానిని అమ్మించిన ఏజెంటు కూడా శిక్షార్హుడు.

కొనుగోలుదారులు చూడవలసినవి

* ఏజెంటు నమోదు సంఖ్య, ప్రాజెక్టు నమోదు సంఖ్య వేరువేరు. రెండింటినీ రెరా వెబ్‌సైటులో సరిచూడాలి.
* సర్వే నంబరు ఏ జోనులో ఉన్నదో హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లానులో చూడాలి.
* సాగుభూమి హక్కుల వివరాలను భూభారతి పోర్టలులో (2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చినది) పరిశీలించాలి.
* రిజిస్ట్రేషను శాఖ నుండి ఈసీ తీసుకొని పాత లావాదేవీలను, తాకట్టులను తెలుసుకోవాలి.
* నమోదైన ప్రాజెక్టులో అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోరాదు (13వ సెక్షన్).

ఇతర ప్రాంతాలలో

మహారాష్ట్ర రెరా 2023 నుండి ఏజెంట్లకు శిక్షణను, పరీక్షను తప్పనిసరి చేసింది. తెలుగువారు ఎక్కువగా నివసించే అమెరికా రాష్ట్రాలలో లైసెన్సుకు ముందే చదువు, పరీక్ష అవసరం. టెక్సస్‌లో 180 గంటలు, కాలిఫోర్నియాలో 135 గంటలు, న్యూజెర్సీలో 75 గంటల పాఠ్యాంశాలు పూర్తిచేసి పరీక్ష ఉత్తీర్ణులు కావాలి. కొత్తగా లైసెన్సు పొందిన సేల్స్‌పర్సన్ సొంతంగా కాక, లైసెన్సు గల బ్రోకరు కింద పనిచేయాలి. అక్కడ పరీక్ష ద్వారా ముందే వడపోత జరుగుతుండగా, తెలంగాణలో నమోదు తరువాత ఫిర్యాదు ద్వారానే ఏజెంటు పనితీరు పరీక్షకు వస్తున్నది.

ఇవి కూడా చూడండి

* అజీజ్‌నగర్
* మొయినాబాద్ మండలం
* ఉస్మాన్‌సాగర్
* హిమాయత్‌సాగర్