బహ్లా రాజుల సొమ్ము, పేదల హక్కు

ఒమాను దేశపు రాజధానియగు మస్కట్టునుండి రమారమి రెండువందల కిలోమీటర్లు దేశాంతర్భాగమునకు ప్రయాణము చేసినవారికి, జబల్ అఖ్దర్ పర్వతముల దక్షిణపాదమున, ఖర్జూరవనముల పచ్చదనము నడుమ, పచ్చియిటుకలతో నిర్మింపబడిన బహ్లా దుర్గము కన్పట్టును. ఊరిని, తోటలను ఒక్కటిగా ఆవరించి సుమారు పన్నెండు కిలోమీటర్లు సాగిన ప్రాకారమునకు రూపకల్పన చేసినది ఒక స్త్రీ యని అచటి జనశ్రుతి. 1987లో యునెస్కో సంస్థ ఈ దుర్గమును ప్రపంచ వారసత్వసంపదగా గుర్తించి, మరుసటి యేడే అది శిథిలమగు ప్రమాదమున నున్నదని ప్రకటించి, దీర్ఘకాలపు జీర్ణోద్ధరణము పిమ్మట 2004లో ఆ ప్రమాదపట్టికనుండి తొలగించినది. 2027తో ఆ గుర్తింపునకు నలుబదేండ్లు నిండును. బురుజుల సొగసును గూర్చి వ్రాయువారు పెక్కుమంది యుందురు గనుక, ఆ కోటనుండి ఏలిన రాజుల సొమ్మును గూర్చి, అది ఎవరికి చేరవలెనని ఆ ప్రాంతపు విద్వాంసులు జరిపిన విచారణను గూర్చి నేను వ్రాయబూనితిని. దానధర్మములు చేయు సంస్థలు తమ ధనమును ఏ దారిని నడుపవలెనన్న నేటి చర్చకు అంతకంటె ప్రాచీనమును, అంతకంటె నిక్కచ్చియునైన ఉదాహరణము నాకు మఱియొకటి తోచలేదు.

బహ్లా పూర్వచరిత్రను చెప్పు ఆధారములు స్వల్పములు. ఒమాను లోపలిసీమ ఇబాదీ శాఖ ముస్లిములది; ఇమామును వంశక్రమమున గాక విద్వాంసులు ఎన్నుకొనుట వారి సంప్రదాయము. 886లో ఇమాము అస్సల్త్ బిన్ మాలిక్ పదవీచ్యుతుడు కాగా, అది న్యాయమా అన్యాయమా అను వివాదముతో పండితులు రుస్తాక్ పక్షమనియు, నజ్వా పక్షమనియు చీలి తరతరములు వాదులాడుకొనిరి. పదవ శతాబ్దమున ఇబ్న్ బరకా అను బహ్లా పండితుడు రుస్తాక్ పక్షమునకు నాయకుడై, తన యూరిలో పాఠశాలను నెలకొల్పి, సుదూరమగు ఉత్తర ఆఫ్రికానుండి వచ్చిన విద్యార్థులను సైతము సొంతధనముతో పోషించెనని చెప్పుదురు. ధనవంతుడగు ఆ పండితుడు తాను సత్యమని నమ్మినదానిని బోధించు చోటికే తన సంపదను మళ్లించెను. ఆయన శిష్యుడైన అబుల్ హసన్ అల్ బిస్యావీ పొరుగుననున్న బిస్యా గ్రామమువాడు. ఆ గురుశిష్యుల గ్రంథములను ఇబాదీ ధర్మశాస్త్ర విద్యార్థులు నేటికిని చదువుచున్నారు.

ఇట్టి మహాదాతల మాట యటుండ, సామాన్య గృహస్థు ధర్మము ఆ సీమలో ఎట్లు నడిచెనో తెలియవలెనన్నచో ఫలజ్ కడకు పోవలెను. కొండదిగువ భూగర్భజలమును సన్నని వాలుగల సొరంగముగుండను, కాలువగుండను ఊరిలోనికి పారించు ఏర్పాటును ఫలజ్ అందురు. తొలుత త్రాగునీటికి, పిదప స్నానములకు, తుదకు తోటలకు దానిని వాడుదురు. నీటిని కొలుచుట కాలముతోనే: పగటివేళ నేలపై పాతిన కొయ్య నీడనుబట్టియు, రాత్రివేళ నక్షత్రముల ఉదయాస్తమయములనుబట్టియు వంతులు మారును. ఇంచుమించు అరగంట పారుదలను ఒక అథర్ అందురు. గృహస్థు మరణశాసనము వ్రాయునపుడు ఒక అథర్ నీటినో, రెండు ఖర్జూరవృక్షములనో మసీదుకు వక్ఫ్, అనగా శాశ్వత ధర్మదానము, గావించి, ఆ రాబడిని రంజాను మాసమున ఉపవాసము విరమించువారి ఆహారమునకు వినియోగింపవలెనని స్పష్టముగ నిర్దేశించును. వేఱొకడు అనాథశవములను కప్పు కఫను వస్త్రములకును, మఱియొకడు ఖురాను నేర్చు బాలురకును, ఇంకొకడు ఫలజ్ పూడికతీతకును వ్రాయును. ఫలజ్ నిర్వాహకుడు ఆ వంతులను వేలము వేయగా, తోటకు నీరు చాలని రైతు పాడుకొనును. ఆ పైకము దాత పేర్కొన్న పనికే చెల్లును. దాత విధించిన నియమము శాసనతుల్యమని ఇస్లామీయ ధర్మశాస్త్రవేత్తలు చెప్పుదురు. ఒక అరగంట నీటికి ఇంతటి మాటనిలుకడ కల్పించిన సమాజమును మనము గౌరవింపవలసియున్నది.

పండ్రెండవ శతాబ్దమునుండి పదునైదవ శతాబ్దాంతము వఱకు బహ్లాను, పరిసర సీమను ఏలినవారు బనూ నబ్హాన్ వంశపు రాజులు. మూడువందల యేండ్లకు మించిన వారి పాలనను గూర్చి ఒమాను చరిత్రకారులు వ్రాసినది బహుస్వల్పము; ఆ మౌనమునకు వారియెడ పండితులకుగల అప్రీతియు ఒక హేతువని నా తలంపు. పదునాల్గవ శతాబ్దపు పూర్వార్ధమున ఆ దారిని వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, నజ్వా పట్టణమున నబ్హానీ సుల్తాను వాకిట ద్వారపాలకుడైనను లేక కూర్చుండి వచ్చినవారినెల్ల కలుసుకొనుటను చూచెను. ఆ యూరివారు తమ తమ భోజనములను మసీదు ఆవరణమునకు తెచ్చుకొని, అందఱును కలిసి భుజింతురనియు, బాటసారులును వారితో కూర్చుందురనియు ఆయన వ్రాసియున్నాడు. సంకల్పపత్రము, ధర్మకర్త ఏమియు లేని ఆ పంక్తిభోజనమును మించిన ధర్మసంస్థ యేది?

ఇక నేను చెప్పదలచిన ముఖ్యకథ పదునైదవ శతాబ్దాంతమునకు చెందినది. నబ్హానీ రాజులు ప్రజల తోటలను, నీటివంతులను, భూములను బలవంతముగ లాగికొనిరన్న ఆక్రోశము ముదిరినకాలమున విద్వాంసులు ఉమర్ బిన్ అల్ ఖత్తాబ్ అల్ ఖరూసీని ఇమాముగా ఎన్నుకొనిరి. మఱియొక విజేతయైనచో ఓడినరాజుల ఖజానాను తన ఖజానాలో కలుపుకొనియుండును. లోకమున సర్వత్ర జరిగినది అదియే. ఇచ్చట అట్లు జరుగలేదు. హిజ్రీ 887లో, అనగా 1482లో, ముహమ్మద్ బిన్ సులైమాన్ అను ఖాజీ ఎదుట ఒక వ్యవహారము నడచెను. ఆయన బహ్లాకు చెందిన ముఫర్రిజ్ పండితవంశమువాడు. ఆయన ముందుగా ఇద్దఱు ప్రతినిధులను నియమించెను. రాజులచేత బాధింపబడిన ప్రజలందఱి తరఫున ఒకడు. వారిలో మరణించినవారును, ఊరువిడిచి పోయినవారును, తమకు జరిగిన అన్యాయమును నిరూపించుకొనలేని నిరుపేదలును గలరు. ఒక్కొక్కడు వచ్చి వాదించుకొనుట అసాధ్యము. రెండవవాడు నబ్హానీ రాజుల తరఫున. దోషులని లోకమెల్ల నమ్మిన రాజవంశమునకు సైతము ఒక వాది యుండవలెనని ఆ ఖాజీ తలంచుట నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము.

విచారణ ముగిసినపిమ్మట వెలువడిన నిర్ణయము ఇట్టిది: రాజులు అపహరించిన సొమ్ము మొత్తము వారి సమస్త సంపదకును మించియున్నది, కాబట్టి వారి భూములు, ఖర్జూరవృక్షములు, నీటివాటాలు, గృహములు, ఆయుధములు, సామానులు అన్నియు బాధితులకే చెందును. తన నష్టమును నిరూపింపగలిగినవానికి అతని భాగము ముట్టవలెను. ఎవనిది ఎంతయో తెలియరాని భాగము, హక్కుదారు గుర్తింపబడని భాగము పేదలది. ఇమాము ధర్మపరుడైనచో ఆ సొత్తును తన అధీనమున నుంచుకొని ముస్లిముల శ్రేయస్సునకు, రాజ్యరక్షణకు వినియోగింపవచ్చును.

ఈ నిర్ణయమును పలుమార్లు తలపోసితిని. ఇందులో మూడు సూక్ష్మములు కలవు. ధనమును పంచుటకు ముందు అది ఎట్లు చేరినదని అడుగుట మొదటిది. అన్యాయార్జితమును రాజు స్వహస్తముతో దానముచేసి పుణ్యమార్జింపజాలడు. అది దానముకాదు, ఋణపరిహారము. పేదవాడు దానిని యాచకుడుగా గాక హక్కుదారుగా స్వీకరించును. నష్టపోయినవాని పేరు తెలిసినంతవఱకు అతనినే ముందుంచి, పేరులేనివారికి మాత్రమే పేదలను ప్రతినిధులుగా నిలుపుట రెండవది. ఖర్చుచేయువాని యోగ్యతకు నియమము పెట్టుట మూడవది. ధర్మపరుడైనచో అన్న ఆ ఒక్క షరతు ఇమామునకును మినహాయింపు నీయలేదు.

అయినను ఈ విచారణ నిర్దుష్టమని నేననను. ఇరుపక్షముల ప్రతినిధులును ఖాజీ యొక్క వంశములోనివారే యగుట నేటి న్యాయవాది కంటికి వెంటనే తగులును. వ్యవహారము నడిపిన విద్వాంసులకును, రాజులకును మధ్య తరములనాటి వైరమున్నది. నబ్హానీ రాజగు సులైమాన్ బిన్ సులైమాన్ ఊరకుండలేదు. ఆయన యోధుడే గాక కవియు. ఆయన కవితాసంపుటము నేటికిని లభ్యము. ఇమాముతో యుద్ధములు సాగినవి, జయాపజయములు చేతులు మారినవి. నబ్హానీలు పదునాఱవ శతాబ్దమున మరల తలయెత్తిరి. పంచబడిన తోటలలో ఎన్ని పేదలకడ నిలిచినవో చెప్పు లెక్క లేదు. కాని తీర్పు పాఠము మాత్రము చరిత్రగ్రంథములలో పొందుపరుపబడి, తరువాతి తరములకు ప్రమాణమై నిలిచినది.

నబ్హానీల పిదప వచ్చిన యారుబీ వంశపు ఇమాముల కాలమున, 1650లో పోర్చుగీసువారు మస్కట్టునుండి వెడలగొట్టబడిన పిదప, సంపద వెల్లువయై వచ్చినది. బహ్లాకు సమీపమునగల జబ్రీన్ లో ఇమాము బిల్‌అరబ్ బిన్ సుల్తాన్ చిత్రిత పైకప్పుల సౌధమును కట్టించి, దాని మీది అంతస్తులో విద్యార్థులకు తరగతిగదులు ఏర్పరచెను. సోదరుడు సైఫ్ ఆయనపై తిరుగబడి సౌధమును ముట్టడింపగా, బిల్‌అరబ్ మరణమును ప్రసాదింపుమని దేవుని ప్రార్థించి అసువులు బాసెనని చరిత్రకారులు వ్రాసిరి. ఆయన సమాధి ఆ సౌధములోనే, క్రింద పారు నీటికాలువ చెంత నున్నది. ఆ సైఫే పిమ్మట ఫలజ్‌లు త్రవ్వించి, వేలకొలది ఖర్జూరములను నాటించెను. ఒకడు విద్యకును, ఒకడు నీటికిని ఇచ్చెను. ఆ ధనమున వర్తకలాభమును, బానిసల శ్రమయు కలిసియుండెను. 1482 నాటి ప్రశ్నను ఆ సోదరులకు ఎవరును వేయలేదు.

తెలుగుదేశమునకు ఈ చింత క్రొత్తది కాదు. కాకతి రుద్రమదేవి కాలమున, 1261 నాటి మల్కాపుర శాసనమున, విశ్వేశ్వర శివాచార్యుడు తనకు లభించిన గ్రామముల ఆదాయమును దేవాలయమునకు, విద్యామఠమునకు, అన్నసత్రమునకు, ఆరోగ్యశాలకు, ప్రసూతిశాలకు నిర్ణయించి శిలపై చెక్కించెను. ఏడువందలయేబది యేండ్లకు మునుపు ప్రసవవేదన పడు స్త్రీ పేరిట ఒక భాగమును కేటాయించిన ఆ బుద్ధి ఎంత కరుణార్ద్రము! 1906లో కందుకూరి వీరేశలింగము రాజమహేంద్రవరమున హితకారిణీ సమాజమును స్థాపించి, తన సర్వస్వమును దానికి సమర్పించినపుడు, వితంతువుల రక్షణ, స్త్రీవిద్య అను తన జీవితకాలపు ఉద్యమములే ఆ సమాజపు వ్యయమార్గములైనవి. ఆయన విశ్వాసమునకును, ఆయన ధనమునకును నడుమ ఎడము లేదు.

ఇటీవలి కాలమునకు వచ్చినచో దారి ఇంత సూటిగా సాగదు. 1967లో ఒమాను చమురు ఎగుమతి నారంభించినది. 1970లో సుల్తాను ఖాబూస్ గద్దెనెక్కిన పిదప రహదారులు, పాఠశాలలు, ఆసుపత్రులు ప్రభుత్వమే కట్టినది. ఊరి వక్ఫ్ తోట పెట్టుచుండిన ఖర్చులో పెద్దభాగమును సర్కారు భరించుటతో ఆ తోటకు పూర్వపు అవసరము తగ్గినది. మోటారుపంపులు వచ్చి, నేలలోని నీరు క్రిందికి దిగి, పలుతావుల ఫలజ్ ధార సన్నగిల్లినది. ఖర్జూరపు రాబడి నేడు పూర్వమువలె లేదు. అరగంట నీటి వేలముతో ఎవని ఉపవాసము విరమింపజేయగలము? 2000లో 65వ సంఖ్యగల రాజశాసనముతో ప్రత్యేక వక్ఫ్ చట్టము వచ్చి, ఆస్తుల నమోదును, నిర్వహణను మంత్రిత్వశాఖ పర్యవేక్షణ క్రిందికి తెచ్చినది. చట్టము ఆస్తిని కాపాడగలదు. ఎండిన కాలువలో నీటిని నింపజాలదు.

పాశ్చాత్యదేశములలో బహ్లా ఖాజీ వేసిన ప్రశ్న ఆలస్యముగ మేల్కొన్నది. చమురుతో కోట్లు గడించిన కుటుంబపు వారసులు నడుపు రాక్‌ఫెల్లర్ బ్రదర్స్ ఫండ్, శిలాజ ఇంధనముల పరిశ్రమలనుండి తన పెట్టుబడులను ఉపసంహరింతునని 2014 సెప్టెంబరులో ప్రకటించినది. ఒక చేత పర్యావరణమునకు విరాళమిచ్చుచు, మఱియొక చేత దానిని చెఱచు సంస్థలనుండి లాభము పుచ్చుకొనుట చెల్లదని దాని నిర్వాహకులు గ్రహించిరి. 1704లో ఏర్పడిన ఇంగ్లండు చర్చి నిధి యొకటి బానిసల వ్యాపారము చేసిన సౌత్ సీ కంపెనీలో పెట్టుబడిపెట్టిన సంగతిని వెలికితీసి, 2023 జనవరిలో చర్చి కమిషనర్లు 10 కోట్ల పౌండ్లను అందుకు పరిహారముగ కేటాయింతుమనిరి. ఈ రెండును నాకు సంతోషకరములే. కాని నష్టపడినవారి తరఫున ఒక ప్రతినిధిని నిలిపి, ఎదుటివాదమును ఆలకించి, పిదప తీర్పుచెప్పిన క్రమము వీనిలో లేదు. దాత యింట దాతయే న్యాయాధిపతియై కూర్చుండెను.

ఒమానులో నేడెందఱో తెలుగువారు పనిచేయుచున్నారు. వారి కష్టార్జితములో కొంత స్వగ్రామపు గుడికి, బడికి, చెఱువుగట్టుకు చేరుచున్నది. అట్టివారికిని, ఇచ్చటనుండు పాఠకులకును నా విన్నపమొకటి. మన యూళ్లలో సత్రములకు, విద్యార్థుల భోజనమునకు, చలివేంద్రములకు వ్రాసియిచ్చిన భూములు ఇంకను కలవు. బహ్లాకు గుర్తింపు లభించిన 1987లోనే మనకు 30వ సంఖ్యగల దేవాదాయ చట్టము వచ్చినది. ధర్మసంస్థల ఆస్తుల వివరము ఆ చట్టపు 43వ సెక్షను క్రింది రిజిస్టరులో నుండవలెను. మీ యూరి సత్రమునకో, గుడికో సంబంధించిన ఆ పుటను అడిగి చదువుడు. దాత వ్రాసిన దానపత్రము దొరకినచో దానిని ప్రక్కన బెట్టుకొని, ఆ భూమి ఎవరినుండి వచ్చినది, దాని కౌలు నేడెంత, అది దాత చెప్పిన పనికి చెల్లుచున్నదా అని గ్రామసభలో అడుగుడు.