ఎదుగుదల పేరిట ఎదుగుదలకు అడ్డు : స్టెరాయిడ్ల చరిత్ర

హైదరాబాదునుండి చేవెళ్లకు పోవు దారిలో మొయినాబాదు ఉన్నది. కూరగాయల తోటల నడుమ ఇప్పుడు అక్కడ క్రీడా శిక్షణాలయములు కూడ వెలసినవి. తెల్లవారకముందే పిల్లలను బండిమీద తెచ్చి మైదానము ప్రక్కన కూర్చుండు తండ్రులను ఇటువంటి చోట్ల చూడవచ్చును. పతకము వచ్చినచో స్పోర్ట్స్ కోటాలో సీటు, ఆపై రైల్వేలోనో పోలీసుశాఖలోనో ఉద్యోగము. ఈ ఆశలో తప్పు లేదు. “పిల్లవాడు ఇంకను బలియలేదు, మందేమైన ఉన్నదా?” అను ప్రశ్న పుట్టినప్పుడే చిక్కు.

ఈ ప్రశ్న పాతదే. 1889లో పారిస్ నగరమున బ్రౌన్-సెకార్డ్ అను 72 ఏండ్ల శాస్త్రజ్ఞుడు జంతువుల వృషణములనుండి తీసిన రసమును తానే సూదితో ఎక్కించుకొని, సత్తువ తిరిగివచ్చినదని ప్రకటించెను. అది భ్రమ. అసలు హార్మోను నీటిలో సరిగా కరగదు. ఆ రసములో అది ఉన్నను లేనట్లే. 1935లో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రజ్ఞులు ఆబోతు వృషణములనుండి టెస్టోస్టిరోన్‌ను వేరుచేసిరి. అదే ఏట బ్యుటెనాంట్, రుజీచ్కాలు దానిని ప్రయోగశాలలో తయారుచేసిరి. 1958లో సీబా కంపెనీ దానిని పోలిన డయనబాల్ మాత్రలను విడుదల చేసెను. రోగులకు ఉద్దేశించిన ఆ మాత్రలను బరువులెత్తువారు త్వరలోనే అందుకొనిరి.

వాటిని పిల్లలకు ప్రభుత్వమే మ్రింగించిన దేశము తూర్పు జర్మనీ. 1974 నుండి అక్కడ ఇది రహస్య పథకముగా సాగినది. ఓరల్-ట్యూరినబాల్ అను నీలిరంగు మాత్రలను విటమినులని చెప్పి ఇచ్చిరి. హైడీ క్రీగర్ అను బాలికకు 16వ ఏట అవి మొదలైనవి. 1986లో ఆమె గుండు విసరుటలో ఐరోపా విజేత అయ్యెను. ఆ మాత్రలు తిన్న బాలికల గొంతులు బొంగురుపోయినవి, ముఖముపై వెంట్రుకలు మొలిచినవి. మందు మానినను గొంతు తిరిగి రాదు. 2000లో బెర్లిన్ న్యాయస్థానము క్రీడాధికారి ఎవాల్డ్‌ను, వైద్యుడు హోప్నర్‌ను దోషులుగా తేల్చినది. గమనింపదగిన దేమనగా, ఆ తల్లిదండ్రులలో అనేకులకు విషయమే తెలియదు. తెలిసియే కొనితెచ్చు తల్లిదండ్రులకు ఆ సాకు కూడ లేదు.

ఇక శరీరములో జరుగునది చూతము. పిల్లల పొడవాటి ఎముకల చివర మృదులాస్థి పలకలుండును. ఎముక పొడవగుట అక్కడనే. టెస్టోస్టిరోన్‌లో కొంత భాగము శరీరములో ఈస్ట్రొజెన్‌గా మారును. ఆ పలకలను మూసివేయునది ఈస్ట్రొజెనే. 1994లో వైద్యులు ఒక 28 ఏండ్ల పురుషుని వర్ణించిరి. అతని కణములు ఈస్ట్రొజెన్‌ను గుర్తింపలేవు. 204 సెంటీమీటర్ల ఎత్తుండియు ఇంకను పెరుగుచుండెను! బాలునికి బయటినుండి టెస్టోస్టిరోన్ ఇచ్చినచో దీనికి విరుద్ధము జరుగును. మేస్త్రీ గోడ సగము కట్టగానే పైన స్లాబు వేసినట్లే. కండ ముందు కనిపించును, ఎత్తు అక్కడ నిలిచిపోవును. కాలేయమునకు, గుండెకు కలుగు చేటు వేరు.

మన దేశమునకు వత్తము. 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడలలో 4×400 మీటర్ల రిలే స్వర్ణము గెలిచిన నలుగురిలో ముగ్గురు మరుసటి ఏట పరీక్షలో పట్టుబడిరి. దొరికిన పదార్థములలో మెథాన్‌డైనోన్ ఒకటి, అనగా డయనబాలే. తాము తిన్న జిన్సెంగ్‌లో అది కలిసియుండెనని వారు వాదించిరి, నిషేధము తప్పలేదు. డబ్బాపై వ్రాయని పదార్థము లోపల ఉండవచ్చునని కండలపొడి కొనువారు గుర్తించవలెను. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము 2012 నుండి 1,416 మంది మైనర్లు పట్టుబడిరి. శిక్ష పడినవారిలో అందరికంటె చిన్నవారి వయస్సు 12 ఏండ్లు. దేశములవారీగా రష్యా తరువాతి స్థానము మనదే.

అందుకే నేటి నియమావళిలో మైనరు పట్టుబడినచో వెనుకనున్న పెద్దలను కూడ విచారింపవలెనని ఉన్నది. క్రీడాకారుని సహాయకులెవరో చెప్పు నిర్వచనములో శిక్షకుడు, మేనేజరు, వైద్యుడు మున్నగువారితోపాటు తల్లిదండ్రుల పేరు కూడ చేర్చబడినది.