జ్వరం గడిలో పడ్డ చావులు

2020 మే మొదటి వారం దాకా విజయనగరం జిల్లాలో ఒక్క కరోనా కేసూ లేదు. రాష్ట్రంలో అప్పుడున్న 13 జిల్లాల్లో చివరగా బులెటిన్‌కెక్కింది అదే. శ్రీకాకుళంలో కూడా ఏప్రిల్ నెలాఖరుకు గానీ తొలి కేసులు బయటపడలేదు. లాక్‌డౌన్ ఫలించిందనేవాళ్లు ఇప్పటికీ ఈ తేదీలే చూపిస్తారు. ఆ ఏడాది ఆగస్టులో ప్రభుత్వం సీరో సర్వే చేయిస్తే, అదే విజయనగరంలో దాదాపు 30 శాతం మంది రక్తంలో యాంటీబాడీలు కనిపించాయి. రాష్ట్ర సగటు 20 శాతం లోపే, అన్ని జిల్లాల్లోకీ ఎక్కువ ఇక్కడే. లాక్‌డౌన్ దండగ అనేవాళ్లకు ఇది ఆధారం. రెండూ నిజాలే. కానీ ప్రాణాలు నిలిచాయా లేదా అన్నది కేసుల లెక్క తేల్చదు. జబ్బు పేరుతో పనిలేకుండా ఏ నెలలో ఎందరు పోయారో చెప్పే మరణాల రిజిస్టరే తేల్చాలి. ఈ ప్రాంతంలో ఆ రిజిస్టరుకు నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది.

1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. రెండూ మద్రాసు ప్రెసిడెన్సీ కిందివే. ఊళ్లో చావు రాయాల్సినవాడు గ్రామాధికారి, వైద్యుడు కాడు. అతని ముందున్న పట్టీలో గడులు కొన్నే: కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, విరేచనాలు, ఊపిరి జబ్బులు, దెబ్బలు, ఇతరాలు. కొత్త జబ్బుకు గడి లేదు. ఒళ్లు కాలిపోతూ మూడు రోజుల్లో పోయిన మనిషి మలేరియాతో పోయినవాడి పక్కనే జ్వరాల గడిలో పడ్డాడు. ఏజెన్సీ కొండల్లోనైతే ఆ రాత కూడా సరిగా లేదు. అయినా లెక్క పూర్తిగా చెడిపోలేదు. భారత ప్రభుత్వ శానిటరీ కమిషనర్ నార్మన్ వైట్ మామూలు ఏళ్ల మరణాలను ఆ ఏటి మరణాలతో పోల్చి, దేశంలో అదనంగా పోయినవారు 60 లక్షల దాకా ఉంటారని తొలి అంచనా వేశాడు. 1951లో కింగ్స్‌లీ డేవిస్ జనాభా లెక్కలను తిరగేసి దాన్ని 1 కోటీ 85 లక్షలకు పెంచాడు. 1911, 1921 జనగణనల మధ్య దేశ జనాభా పెరగకపోగా కాస్త తగ్గింది. ఎక్కడెక్కడ రాత తప్పినా, తగ్గిన మనుషుల్ని జనగణన దాచలేకపోయింది.

నూరేళ్ల తర్వాత గడి వచ్చింది, దానిలోకి వెళ్లే దారి ఇరుకైంది. పరీక్షలో పాజిటివ్ అని తేలితేనే అది కోవిడ్ మరణం. ఇంట్లోనే, పరీక్ష లేకుండా ఊపిరాడక పోయినవారు ఆ గడికి చేరలేదు. అందుకే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అధికారిక కోవిడ్ మరణాలు దేనికది వెయ్యి లోపే ఆగిపోయాయి. ఇటు రాష్ట్ర జనన మరణ నమోదు చూస్తే, మామూలుగా 30 వేల చుట్టూ ఉండే నెల మరణాలు 2021 మేలో లక్షా పాతిక వేలు దాటాయి. ఆ నెల బులెటిన్లు చెప్పిన కోవిడ్ మరణాలు 3 వేల లోపు. నమోదు మెరుగుపడింది కాబట్టి అంకె పెరిగిందన్న వాదన ఉంది. మెరుగుదల ఏళ్ల మీద వస్తుంది. ఒక్క నెలలో నాలుగింతలై మళ్లీ దిగిపోయేది మెరుగుదల కాదు, చావే.

ఈ రిజిస్టరుతోనే లాక్‌డౌన్‌నూ తూచవచ్చు. 2020 మార్చి 25న తలుపులు మూసేనాటికి ఈ రెండు జిల్లాల్లో తెలిసిన కేసు లేదు. ఆ వేసవిలో రాష్ట్రంలో మరణాలు ఎగబాకలేదు, ఎగబాకింది ఆంక్షలు సడలి కేసులు పెరిగిన తర్వాతే. 2021లో మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ మే 5న మొదలైంది, అప్పటికే అల నెత్తిన ఉంది. మొదటిది జబ్బు కంటే ముందు వచ్చింది, రెండోది జబ్బు వెనక పరుగెత్తింది. ఈ తేడా పట్టించుకోకుండా ‘లాక్‌డౌన్ పనిచేసిందా’ అని ఒక్క మాటలో అడగడమే తప్పు.

అదనపు చావుల్లో లాక్‌డౌన్ చంపినవీ ఉన్నాయి కదా అనేవారి మాట తోసిపుచ్చదగ్గది కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ రోగులు డయాలసిస్ కోసం వారానికి రెండు మూడుసార్లు పలాసకో సోంపేటకో వెళ్లాలి. బస్సు ఆగితే వాళ్ల ప్రాణం దారిలో ఆగినట్టే. గుజరాత్‌లోని వెరావల్‌లో వేలమంది మన మత్స్యకారులు పడవల్లోనే వారాల తరబడి చిక్కుకుపోయారు, ఏప్రిల్ చివర్లో గానీ బస్సులు కదలలేదు. ఈ బాధ ఏ మరణాల పట్టీకీ పూర్తిగా ఎక్కదు. కానీ చావుల ప్రధాన కారణం లాక్‌డౌనే అయితే, అది కఠినంగా ఉన్న ఏప్రిల్, మే నెలల్లోనే అంకె ఉబికి ఉండాలి. ఆఫీసులు మూతపడి నమోదు కొంత తగ్గిందనుకున్నా, అసలు ఉబుకు ఏడాది తర్వాతి మేలో వచ్చిందన్నది మారదు. నా దృష్టిలో తొలి లాక్‌డౌన్ ఇక్కడ కొన్ని నెలల గడువు సంపాదించింది. ఆ గడువును ఆస్పత్రిగా మార్చుకోవాల్సింది. విజయనగరానికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది 2023లో.

2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో కోవిడ్ మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల పరిహారం ఖరారైంది. 2022 జనవరి నాటికి రాష్ట్రం ఒప్పుకున్న మరణాలు 14,500 లోపు, పరిహారం కోరుతూ వచ్చిన దరఖాస్తులు 36 వేలు పైన. వాటిలో చెల్లనివీ ఉండవచ్చు. పరీక్ష కాగితం లేక దరఖాస్తే పెట్టని ఇళ్లు మాత్రం ఆ 36 వేలలోనూ లేవు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు నెలవారీ మరణాల పట్టికను 2015 నుంచి పంచాయతీల వారీగా బయటపెడితే ఆ ఇళ్ల సంఖ్య ఎంతో తేలుతుంది. రాసిన రిజిస్టర్లు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి.