కాగితానికెక్కని వాటా

దగ్గరికి జరగండి, మెరాపి కొండ వైపు నుంచి చలిగాలి దిగుతోంది. గెందుక్, ఆ కొబ్బరి మట్ట పొయ్యిలోకి తొయ్యి తల్లీ. తోలే, నువ్వు పొద్దున అడిగిన మాటకు ఇప్పుడు జవాబు చెబుతాను. "సింబా, అవ్వా, మన ఆస్తి ఎంత?" అన్నావు కదా. కొలతల వాళ్లు వచ్చి గట్ల మీద గుర్తుకర్రలు పాతి వెళ్లారు. సర్టిఫికెట్ ఇస్తామన్నారు. నీకు లెక్క తెలుసుకోవాలనిపించింది.

లెక్క చిన్నదే. వరిపొలం హెక్టారులో మూడో వంతు, ఈ ఇల్లు, ఇంటి చుట్టూ దొడ్డి. దానికి ఇంతసేపు కూర్చోబెట్టక్కర్లేదు. అయితే మన జావాలో, ఈ క్లాటెన్ పల్లెల్లో కాగితానికెక్కని ఆస్తి కూడా ఉండేది. దాని మీద బతికినవాళ్లే ఎక్కువ. ఆ సంగతి వినకుండా నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టడం నాకిష్టం లేదు.

మీరు ఆనుకుని కూర్చున్న ఈ టేకు స్తంభాలు ఇక్కడ పుట్టినవి కావు. పక్క ఊళ్లో ఒకరు ఇల్లు అమ్మితే మా తాత కొన్నాడు. నేల కాదు, ఇల్లు మాత్రమే. మా కాలంలో నేల వేరు, ఇల్లు వేరు. స్తంభాలూ దూలాలూ ఒకదాంట్లో ఒకటి బిగించి నిలబెట్టినవే కాబట్టి విప్పి ఇంకోచోట మళ్లీ నిలబెట్టుకోవచ్చు. చిన్న ఇళ్లయితే విప్పకుండానే వెదురుబొంగులు కట్టి, ఊళ్లో మగవాళ్లంతా భుజం పట్టి లేపి తీసుకెళ్లేవాళ్లు. దాన్ని సంబతాన్ అంటాం. కూలి ఉండదు. అన్నం, తియ్యటి టీ, పొగాకు పెడితే చాలు. ఇవాళ నా ఇంటికి నువ్వు, రేపు నీ ఇంటికి నేను. రానివాడి పేరు అందరికీ గుర్తుండేది.

నడిమి గది చూశారుగా, దాన్ని మనుషులు పడుకోవడానికి కట్టలేదు. అది శ్రీతల్లి గది. కొత్త పంటలో మొదటి వెన్నులు పెళ్లికూతురిలా కట్టి అక్కడ పెట్టేవాళ్లం. పొలం మూల అన్నమూ గుడ్డూ పూలూ పెట్టి దణ్ణం పెట్టాకే కోత. మేం నమాజు చేసేవాళ్లమే. అయినా శ్రీతల్లిని అడగకుండా ఒక్క వెన్ను కోయలేదు మా అమ్మ.

పొలం విషయానికొస్తే, ఇది మీ తాత సంపాదన అనుకుంటున్నారేమో. కాదు. మా అమ్మమ్మ నుంచి మా అమ్మకు, మా అమ్మ నుంచి నాకు వచ్చింది. మా వైపు ఆడపిల్లకు నేల ఇస్తారు. కొన్ని ఇళ్లలో కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. ఇంకొన్ని ఇళ్లలో అందరికీ సమానం. మా అమ్మ సమానంగా పంచింది, అదీ తను బతికుండగానే, మా అందరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని. కడదాకా తనను చూసుకోవాల్సింది నేను కాబట్టి ఇల్లు నాకు వచ్చింది. పెళ్లికి ఎవరు తెచ్చుకున్నది వాళ్లదే. దాన్ని గవాన్ అంటాం. పెళ్లయ్యాక ఇద్దరూ కష్టపడి కూడబెట్టింది గొనొ-గిని, ఇద్దరిదీ. విడిపోతే గొనొ-గిని పంచుకుంటారు, గవాన్ మాత్రం తెచ్చినవాళ్లతోనే వెళ్తుంది. మీ తాత ఈ పొలం దున్నాడు, నీళ్లు కట్టాడు, రాత్రులు కాపలా కాశాడు. దీన్ని నా మాట లేకుండా తాకట్టు పెట్టే హక్కు మాత్రం ఆయనకు లేదు. ఆయన ఎప్పుడూ అడగలేదు కూడా. అంత మంచి మనిషి.

రాతకోతలంటారా, ఊరిపెద్ద లూరా ఆఫీసులో ఒక పెద్ద పుస్తకం ఉండేది, దాన్ని లెటర్ సి అంటారు. ఎవరు ఎంత పన్ను కట్టాలో అందులో రాసేవాళ్లు. మాకది చాలు. లూరాకు అప్పట్లో జీతం లేదు, బెంకొక్ అని ఊరిచ్చిన పొలం ఉండేది, దాని పంట తినేవాడు. కాలవ నీళ్లు పంచే ఉలు-ఉలుకు కూడా అంతే. చోక్రో ఊట నుంచి వచ్చే నీళ్లు ఎవరి మడికి ఎప్పుడు వదలాలో ఆయన చేతిలో ఉండేది.

ఇక అసలు సంగతి. పొలం లేనివాళ్లు ఎలా బతికారు?

మా ఊళ్లో సగానికి పైగా ఇళ్లకు మడి లేదు. కొందరికి ఇంటి స్థలం కూడా లేదు, ఇంకొకరి దొడ్లో గుడిసె వేసుకునేవాళ్లు. కోతకు ముందు రెండు నెలలు గడవడం కష్టం, పచెక్లిక్ అంటాం దాన్ని. కర్రపెండలం ఎండబెట్టి, దంచి, ఆవిరి మీద ఉడికించిన తివుల్ తిని కడుపు నింపుకునేవాళ్లు. మా ఇంట్లోనూ తిన్నాం. జపాన్ వాళ్ల రోజులు, 1942 నుంచి 1945 దాకా, ఇంకా ఘోరమట. పండిన వడ్లు లాక్కుపోయారు, కట్టుకోను గుడ్డ లేక జనం గోనెలు చుట్టుకున్నారు. మా అమ్మ ఆ మూడేళ్ల గురించి ఎక్కువ మాట్లాడేది కాదు.

అలా కడుపు మాడ్చుకున్నవాళ్లంతా ఎదురుచూసేది కోత కోసమే. మా దెలాంగు వైపు రొజొలెలె అని పొడుగు గడ్డి వడ్లు పండేవి. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే వాసన వీధి చివరిదాకా వెళ్లేది. పంటకు అయిదు నెలలు పట్టేది. కోత రోజు ఎవరినీ పిలవక్కర్లేదు. పొద్దు పొడవకముందే ఆడవాళ్లు గట్ల మీద నిలబడి ఉండేవాళ్లు, మన ఊరివాళ్లే కాదు, పక్క పల్లెల వాళ్లు కూడా. ఒక్కొక్కరి అరచేతిలో ఒక అని-అని. చిన్న చెక్కకు బిగించిన వేలెడంత కత్తి, పిడికిట్లో పట్టుకుంటే పైకి కనబడదు. శ్రీతల్లి బెదరకూడదని ఒక్కో వెన్నునీ విడివిడిగా, మెల్లగా కోసేవాళ్లం. వంద చేతులు ఒకేసారి ఆడుతుంటే వినబడే ఆ సన్నని శబ్దం మీకు ఎలా చెప్పను!

కోసిన కట్టలు వీపున కట్టుకుని ఈ వాకిట్లోకి తెచ్చేవాళ్లు. మా అమ్మ ఇక్కడే కూర్చుని పంచేది. తొమ్మిదో పదో కట్టలు మాకు, ఒకటి కోసినవాళ్లకు. దాన్ని బావొన్ అంటాం. దగ్గరి చుట్టాలకూ, నాట్లు వేసినవాళ్లకూ కొంచెం ఎక్కువ. ముసలమ్మ వస్తే కట్ట మీద ఒక గుప్పెడు కలిపేది. ఆ తర్వాత పిల్లలు మడిలో దిగి పరిగ ఏరుకునేవాళ్లు. గట్టు మీదికి వచ్చినవాళ్లను వెళ్లిపొమ్మనే ఆసామి ఉండేవాడు కాదు. ఉంటే వాడింట్లో సెలమెతాన్ విందుకు మనిషి గడప తొక్కడు, చావుకైనా పాడె పట్టడానికి ఎవరూ రారు. అలా పొలం నాదే అయినా ఆ పంటలో ఊరికి హక్కు ఉండేది. లెటర్ సి పుస్తకంలో ఆ హక్కు లేదు. ఆ హక్కుతోనే పొలం లేనివాళ్ల పొయ్యి వెలిగింది.

దంపుడూ అంతే. పొడవాటి కొయ్య రోలు చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు రోకళ్లతో నిలబడి వంతులవారీగా దంచేవాళ్లు. కూలి బియ్యంలోనే, నూకా తవుడూ అదనం. చంద్రగ్రహణం రాత్రి ఉత్త రోలునే వాయించేవాళ్లం, చంద్రుణ్ణి మింగే రాక్షసుడు పారిపోవాలని. మూలింటి అవ్వ ఆ వాయింపులో ముందుండేది.

మూలింటి అవ్వ అన్నాను కదూ. ఆవిడ కథ చెప్పాలి. మెల్లగా చెబుతాను, వాకిలి మూసేయక్కర్లేదు, ఇప్పుడు భయం లేదు.

ఆవిడ మొగుడు ఇంకొకరి పొలం పాలుకు చేసేవాడు. మారో అంటే పంటలో సగం, మెర్తెలు అంటే మూడో వంతే పాలికాపుకు. నేలకు గిరాకీ పెరిగేకొద్దీ పాలు తగ్గేది. 1960లో ప్రభుత్వం చట్టాలు తెచ్చింది. పాలికాపు వాటా న్యాయంగా ఉండాలని ఒకటి. జనం కిక్కిరిసిన జిల్లాల్లో ఒక కుటుంబానికి 5 హెక్టార్లకు మించి మాగాణి ఉండకూడదని, మిగిలింది లేనివాళ్లకు పంచాలని ఇంకొకటి. చట్టం వచ్చింది కానీ నేల కదల్లేదు. పెద్ద ఆసాములు చుట్టాల పేర్ల మీద మార్చుకున్నారు. 1964 నాటికి కమ్యూనిస్టుల రైతుసంఘం వాళ్లు, బారిసాన్ తని వాళ్లు, ఇక ఎదురుచూడలేమని తామే పొలాల్లోకి దిగారు. అలాంటి గొడవలు మన క్లాటెన్‌లో చాలా జరిగాయి. మూలింటాయనకు చిన్న మడి వచ్చింది. పట్టుమని రెండు పంటలు తీశాడో లేదో.

1965 అక్టోబరు తర్వాత కమ్యూనిస్టుల వేట సాగింది, రాత్రిపూట లారీలు రావడం మొదలైంది. ఆయన పేరు సంఘం జాబితాలో ఉంది. తీసుకెళ్లారు. తిరిగి రాలేదు. మన జిల్లాలో అలా ఎన్ని ఇళ్లు దీపం లేకుండా అయ్యాయో! ఆ మడి మళ్లీ పాత ఆసామి చేతికి పోయింది. ఆ డిసెంబరులోనే పాత 1,000 రూపాయలను ఒక కొత్త రూపాయి చేశారు, దాచుకున్న నాలుగు నోట్లూ ఎందుకూ పనికిరాకుండా పోయాయి. ఇంకొకరి దొడ్లో ఉన్న ఆవిడ గుడిసెను తీసేయమన్నారు, పిల్లలతో సహా. మా అమ్మ ఎవరినీ అడగలేదు. "మా దొడ్డి మూలకు తెచ్చుకో" అంది. పగలు ఆ ఇల్లు మోయడానికి ఒక్కరూ రాలేదు. ఊరందరి ఇళ్లకూ భుజం పట్టిన మనిషి ఇల్లు అది. చీకటి పడ్డాక నలుగురు వచ్చారు. అందులో మీ తాత ఒకరు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది ఆ రాత్రే. ఆవిడ కొడుకులు బడికి వెళ్లారు, చదివారు, కానీ తండ్రి పేరు చూసి సర్కారు ఉద్యోగం ఇవ్వలేదు.

ఆ తర్వాత ఆవిడ బతికింది బావొన్ మీద, రోకలి మీద. అవి కూడా పోయాయి. ఎలా పోయాయో వినండి.

ఐఆర్ అని కొత్త వరి వంగడాలు వచ్చాయి, పొట్టివి, నాలుగు నెలల్లోనే పంట. ఏడాదికి రెండు, మూడు పంటలు. మేమూ వేశాం, లాభపడ్డాం, అది దాచకూడదు. కానీ ఆ గింజ ముట్టుకుంటే రాలేది, పొట్టి పైరును అని-అనితో కోయడం కష్టం. కొడవళ్లు వచ్చాయి. కొడవలి పట్టేది మగవాళ్లు. అప్పులూ ఎరువులూ వచ్చాక ఆసాములకు రొక్కం కావాల్సి వచ్చింది. కోతకు వారం ముందు ఒక వర్తకుడు వచ్చి నిలబడిన పైరునే బేరమాడి కొనేవాడు. తన కూలీలను తానే తెచ్చుకునేవాడు, తూకం వేసి డబ్బిచ్చేవాడు. గట్టు మీద నిలబడిన ఆడవాళ్లతో, "ఈ పంట నాది కాదమ్మా, అమ్మేశాను" అనేవాడు ఆసామి. వెళ్లిపొమ్మనే పాపం తనకంటకుండా ఆ మాట వర్తకుడి నోటికి అప్పగించాడన్నమాట. అంతకుముందే బియ్యపు మిల్లు వచ్చింది. రోకళ్లు గోడకు ఆనించేశాం. లూరా ఆఫీసులో ఏ పుస్తకమూ మారలేదు, ఒక్క గట్టూ జరగలేదు. అయినా ఊళ్లో సగంమంది ఆస్తి పోయింది. వాళ్లలో చాలామంది జకార్తా బస్సెక్కారు. మీరిప్పుడు జకార్తాలో పక్కింట్లో చూసే పనమ్మాయి ఎవరి మనవరాలో ఎప్పుడైనా అడగండి.

ఆ తర్వాత సుడిదోమ వచ్చింది, వెరెంగ్. మడి మడంతా మాడిపోయేది. మందు కొట్టినకొద్దీ ఎక్కువయ్యేది, ఎందుకంటే దోమను తినే సాలీళ్లు ముందు చచ్చేవి. 1984లో దేశానికి సరిపడా బియ్యం పండిందని పండగ చేశారు, రెండేళ్లకే మళ్లీ పొలాలు ఎండాయి. 1986లో 57 రకాల మందులు వరి మీద కొట్టకూడదన్నారు. అప్పటికి కాలవలో చేపలు లేవు. మూలింటి అవ్వ ఆ చేపలూ నత్తలూ పట్టి పిల్లలకు పెట్టేది.

అందుకే తోలే, ఈ కొలతలంటే నాకు భయం. సర్టిఫికెట్ మంచిదే. లెటర్ సి పన్ను పుస్తకమే గానీ హక్కు పత్రం కాదని కొలతలకు వచ్చిన అమ్మాయి చెప్పింది, నిజమే. ఎవరైనా కాజేయకుండా సర్టిఫికెట్ కాపాడుతుంది. కానీ కాగితం మీద పడని మనిషి రేపు ఎక్కడ నిలబడాలి? అవ్వ పోయింది, ఆమె కూతురు అదే మూలలో ఉంది. మా అమ్మ నోటి మాట మీద ఉంది. నేను పోయాక, మీరు జకార్తా నుంచి అమ్మకానికి పెట్టిన రోజు, కొన్నవాడు కాగితం చూపించి వాళ్లను లేచిపొమ్మంటాడు. తప్పు వాడిది కూడా కాదు.

రేపు లూరా ఆఫీసుకు నన్ను కూడా తీసుకెళ్లు. ఆ మూలను వేరుగా కొలిపించి అవ్వ కూతురి పేరున రాయిస్తాను. గుర్తుకర్ర మెలింజో చెట్టుకు ఇవతల పాతమను, బావి వాళ్ల వైపే పడాలి. మీ బాబాయికి ఇష్టం లేకపోతే నా పేరున ఉన్న వాటాలోంచి తగ్గించుకోమని చెప్పు. ఇది నా గవాన్, మా అమ్మ నాకిచ్చింది.