వేల రూపాయల కీబోర్డు అవసరమా?

అచ్యుతాపురం సెజ్‌లో ఏ గార్మెంట్ యూనిట్‌లోనో, ఫార్మా కంపెనీలోనో డేటా ఎంట్రీకి చేరిన అమ్మాయి మెకానికల్ కీబోర్డు అడిగిందనుకోండి. మామూలుది ఐదారు వందలకే వస్తుంది. ఇదేమో మూడు వేల నుంచి పది వేలు దాటుతుంది. మరి తేడా ఏంటి?

మామూలు దాంట్లో మీటలన్నిటి కింద ఒకే రబ్బరు పొర. మెకానికల్‌లో ప్రతి మీటకీ స్ప్రింగుతో విడి స్విచ్. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ తన ఎంఎక్స్ స్విచ్‌లు రకాన్ని బట్టి 5 నుంచి 10 కోట్ల సార్లు నొక్కినా పనిచేస్తాయంటోంది. హాట్‌స్వాప్ రకమైతే పాడైన స్విచ్ ఒక్కటే మార్చుకోవచ్చు. రోజంతా టైపింగే పనైన వాళ్లకి ఇది దండగ కాదు. నీలం స్విచ్ మాత్రం వద్దు, ఒకటే టకటక. రెండు గదుల ఇంట్లో ఇషా తర్వాత మొదలుపెడితే పిల్లలు పడుకున్నట్టే! ఎరుపు తీసుకోండి.

చేతి నొప్పికని ఎర్గోనామిక్‌ది కొనేముందు టేబుల్ చూడండి. కీబోర్డు మోచేయి ఎత్తులో ఉండాలి, మణికట్టు వంగకూడదు. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి, షాపుకి కాదు.

ఇక తెలుగు, ఉర్దూ టైపింగ్‌కి ఖరీదైనది అక్కర్లేదు. రెండు లేఅవుట్లూ విండోస్‌లోనే ఉన్నాయి, సెట్టింగ్స్‌లో భాష జోడించుకోవడమే. అక్షరాలు గుర్తుండకపోతే మీటల మీద స్టిక్కర్లు అంటించుకోండి.