సొంత చిరునామా, అద్దె వాకిలి: చిన్న వ్యాపారి వెబ్‌సైటుకు పూర్వచరిత్ర

వ్యాససంగ్రహం

చిన్న వ్యాపారానికి వెబ్‌సైటు అవసరమా, అవసరమైతే ఎటువంటిది అన్న ప్రశ్నను సాధారణంగా సాంకేతిక విషయంగానే చర్చిస్తుంటారు. కానీ ఈ ప్రశ్న అంతర్జాలం కంటే పాతది. కొనుగోలుదారుకు తన ఆచూకీ తెలిపే సాధనం వ్యాపారి చేతిలో ఉండాలా, పరుల చేతిలో ఉండాలా అన్నది దాని మూలరూపం. వి.పి.పి. కాలం నుంచి నేటి వరకు తెలుగు ఉత్పత్తిదారుల అనుభవాన్ని ఆధారం చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: చిన్న వ్యాపారం, వి.పి.పి., అమృతాంజనం, చేనేత, వెబ్‌సైటు, డొమైన్ పేరు, జి.ఎస్.టి.

1. తపాలా మీద నడిచిన దుకాణం

దుకాణం ఉన్న వీధిలో అడుగుపెట్టని మనిషికి సరుకు అమ్మడం చాలాకాలం పెద్ద వర్తకులకే సాధ్యమైన పని. భారతదేశంలో ఈ స్థితిని మార్చిన వాటిలో 1877లో తపాలాశాఖ ప్రవేశపెట్టిన వి.పి.పి. పద్ధతి ముఖ్యమైనది. వర్తకుడు సరుకును కట్టకట్టి, రావలసిన వెల రాసి తపాలా కార్యాలయంలో అప్పగిస్తాడు. చిరునామాదారు వెల చెల్లించాకే కట్ట అతని చేతికి వస్తుంది. ఆ సొమ్మును తపాలాశాఖ వర్తకుడికి పంపుతుంది. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరి మధ్య నమ్మకం కుదరడానికి ప్రభుత్వ శాఖ పూచీగా నిలబడిందన్నమాట. 2010లో ఫ్లిప్‌కార్ట్ సంస్థ సరుకు అందాకే డబ్బు తీసుకునే పద్ధతిని మొదలుపెట్టినప్పుడు దాన్ని కొత్త ఆవిష్కరణగా చెప్పుకొన్నారు గాని, మందులకూ పుస్తకాలకూ గడియారాలకూ ఆ విధంగానే డబ్బు కట్టిన తరాలు అంతకు ముందే గడిచాయి.

నమ్మకం సమస్య తపాలాతో తీరినా, సరుకు ఉన్నదన్న సంగతి ఎలా తెలియాలన్న సమస్య మిగిలింది. దానికి తెలుగువారిలో ఇద్దరు వ్యాపారులు కనుగొన్న మార్గం పరిశీలించదగినది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. సంగీత కచేరీలలో దానిని ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. 1908లో అదే బొంబాయి నుంచి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించారు. 1914లో అది మద్రాసు నుంచి దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. పత్రికను మందు ప్రచారం కోసమే పెట్టారనడం చరిత్రకు అన్యాయం. జాతీయోద్యమానికీ సాహిత్యానికీ ఆ పత్రికలు చేసిన సేవ వేరే లెక్క. అయినా వాణిజ్య చరిత్ర దృష్టితో చూస్తే ఒక సంగతి స్పష్టం. మందు లాభం పత్రికను పోషించింది. ఆ మందును ప్రకటించడానికి ఇతర పత్రికల దయమీద ఆధారపడవలసిన అవసరం ఆ వ్యాపారికి లేకపోయింది.

డాక్టర్ కె.ఎన్. కేసరి ఉదాహరణ మరింత సూటిగా ఉంటుంది. మద్రాసులోని కేసరి కుటీరం తయారుచేసిన లోధ్ర స్త్రీల ఔషధం. 1928లో ఆయన స్థాపించిన గృహలక్ష్మి స్త్రీల మాసపత్రిక. కనుపర్తి వరలక్ష్మమ్మ శారద లేఖలు ఆ పత్రికలోనే వెలువడ్డాయి. చదివే ఇల్లూ కొనే ఇల్లూ ఒకటే కావడం యాదృచ్ఛికం అనలేము. పత్రికలో చదవదగిన విషయం ఉన్నది గనుకనే పాఠకురాలు దానిని నెలనెలా తెరిచింది. ఈనాడు వెబ్‌సైటు పెట్టి, సరుకు బొమ్మలు తప్ప మరేమీ ఉంచని వ్యాపారులు గమనించవలసిన విషయం ఇది.

అయితే సొంత పత్రిక నడపగల స్తోమత ఎందరికి ఉంటుంది? మగ్గం మీద కూర్చున్న నేతగానికి పత్రిక మాట అటుంచి, ప్రకటన ఖర్చు కూడా అందని మాటే. అతని సరుకు షావుకారు ద్వారా గాని, సహకార సంఘం ద్వారా గాని, 1976 తర్వాత ఆప్కో అంగళ్ల ద్వారా గాని బజారుకు చేరింది. చీర కట్టుకున్నది ఎవరో నేసినవానికి తెలియదు, నేసినది ఎవరో కట్టుకున్నామెకు తెలియదు. ఈ రెండు అజ్ఞానాల మధ్యనే మధ్యవర్తి లాభం ఉంది. దానిని దోపిడీ అని ఒక్కమాటలో తేల్చలేము. నూలు అప్పు ఇచ్చినదీ, సరుకు నిలిచిపోతే నష్టం భరించినదీ చాలా సందర్భాలలో ఆ మధ్యవర్తే. కానీ కొనుగోలుదారు ఆచూకీ మాత్రం ఎప్పుడూ అతని దగ్గరే ఉండిపోయింది.

2. పేరు చౌక అయిన కాలం

స్విట్జర్లాండులోని సెర్న్ సంస్థ 1993 ఏప్రిల్ 30న వరల్డ్ వైడ్ వెబ్‌ను ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చునని ప్రకటించింది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ భారతదేశంలో ప్రజలకు అంతర్జాల సేవను ప్రారంభించింది. ఆ మరుసటి సంవత్సరమే, 1996లో, ఇండియామార్ట్ వంటి వ్యాపారుల చిట్టాలు వెలిశాయి. అంటే సొంత పేరుతో సైటు పెట్టుకోవడం, ఒకరి చిట్టాలో వరుసగా పేరు చేర్చుకోవడం అనే రెండు దారులూ మన దేశంలో దాదాపు ఒకేసారి తెరుచుకున్నాయి. మొదటి దారి చాలాకాలం ఇరుకుగానే ఉంది. దేశానికి చెందిన డాట్ ఇన్ పేర్ల నమోదు నిబంధనలను 2005లో సడలించేదాకా అటువంటి పేర్లు దేశం మొత్తం మీద కొన్ని వేలకు మించలేదు. సడలించిన తర్వాత ఏడాదికి కొన్ని వందల రూపాయలతో ఎవరైనా ఒక పేరు తమదిగా నమోదు చేసుకోగలిగారు. నాగేశ్వరరావు పంతులుకు అచ్చుయంత్రాలు, సిబ్బంది, కాగితం కావలసివచ్చిన పనికి ప్రవేశరుసుము ఆ స్థాయికి దిగింది.

తెలుగు వ్యాపారికి మరొక అడ్డంకి లిపి. యూనికోడ్ ప్రమాణంలో తెలుగు 1991 నుంచే ఉన్నా, విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఖతితో వచ్చేదాకా సామాన్య కంప్యూటరులో అది కనిపించే ఏర్పాటు లేదు. అంతకుముందు తెలుగు సైట్లు ఎవరి ఖతి వారు వాడాయి. ఆ ఖతి లేని యంత్రంలో అక్షరాలు గజిబిజిగా కనబడేవి. అంతకంటే ముఖ్యంగా, శోధనయంత్రాలు వాటిని తెలుగుగా గుర్తించలేకపోయేవి. వెదికితే దొరకని పేజీ వ్యాపారికి ఎందుకు? చిన్న వ్యాపారులు సైటు పెట్టినప్పుడు ఇంగ్లీషులోనే పెట్టడానికి ఇదొక కారణం. కారణం తొలగినా అలవాటు తొలగలేదు. దుకాణం బోర్డు తెలుగులో, కొనేవారు తెలుగువారు, సైటు మాత్రం ఇంగ్లీషులో ఉండడం నేటికీ కనిపిస్తుంది. డాట్ భారత్ పేరును తెలుగు లిపిలోనే నమోదు చేసుకునే వీలు వచ్చినా వాడుక స్వల్పం.

3. ఉచితంగా ఇచ్చిన ఇళ్లు

సొంత సైటుకు పోటీగా ఎప్పుడూ ఒక ఉచిత నివాసం ఉంటూనే వచ్చింది. 1994లో మొదలైన జియోసిటీస్ లక్షలాది మందికి ఉచితంగా పేజీలు ఇచ్చింది. 1999లో దానిని యాహూ కొన్నది, 2009 అక్టోబరులో జపాను మినహా మూసివేసింది. భారతీయ చిన్న వ్యాపారులకు దీనికంటే దగ్గరి ఉదాహరణ గూగుల్‌ది. 2011 నవంబరులో ఆ సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి చిన్న, మధ్యతరహా వ్యాపారాలకు ఏడాదిపాటు ఉచితంగా సైటూ పేరూ ఇచ్చే కార్యక్రమం చేపట్టింది. తర్వాత 2017 జనవరిలో సుందర్ పిచాయ్ ఢిల్లీ వచ్చినప్పుడు, చరవాణి నుంచే నిమిషాలలో ఉచిత సైటు తయారుచేసుకునే సౌకర్యాన్ని ప్రకటించారు. దుకాణం పేరు, వేళలు, ఛాయాచిత్రాలు చేరిస్తే సైటు సిద్ధం. కానీ ఆ సైటు చిరునామా చివరన ఉండేది గూగుల్ తన సేవకు పెట్టుకున్న పేరు. 2024 మార్చిలో గూగుల్ ఆ సైట్లను నిలిపివేసింది. కొన్ని వారాలు వచ్చినవారిని పటంలోని వివరాల పేజీకి మళ్లించి, జూన్‌లో ఆ మళ్లింపూ ఆపింది. ఆ చిరునామాను సంచుల మీదా రసీదుల మీదా అచ్చువేయించుకున్న వ్యాపారి దృష్టిలో ఏడేళ్ల పరిచయం తుడిచిపెట్టుకుపోయింది. సంస్థ మోసం చేసిందని చెప్పడానికి లేదు. ఉచితంగా ఇచ్చినవాడు ఇల్లు ఖాళీ చేయమన్నాడు, అంతే.

అంగళ్ల సముదాయాల సంగతి కొంత భిన్నం. 2007లో పుట్టిన ఫ్లిప్‌కార్ట్, 2013 జూన్‌లో భారతదేశంలో ప్రవేశించిన అమెజాన్ చిన్న ఉత్పత్తిదారుకు రవాణా, చెల్లింపు, నమ్మకం మూడూ ఒకేచోట అందించాయి. ఈ మేలును తక్కువ చేయరాదు. వి.పి.పి.లో తపాలాశాఖ పోషించిన పాత్ర ఇదే. తేడా ఒక్కటే. తపాలాశాఖ కట్ట చేరవేసింది గాని తానే కట్టలు అమ్మలేదు, ఒకరి కట్టను ముందుంచి మరొకరిది వెనక్కు నెట్టలేదు, కొన్నవారి చిరునామాను వర్తకుడికి దక్కకుండా చేయలేదు. సముదాయంలో అమ్మినప్పుడు కట్ట మీద కనిపించేదీ, కొన్నవారికి గుర్తుండేదీ సముదాయం పేరే. షావుకారు దగ్గర ఉన్న పాత చిట్టా ఇప్పుడు కంప్యూటరులోకి చేరింది.

2016లో యు.పి.ఐ., 2018 జనవరిలో వాట్సాప్ బిజినెస్ వచ్చిన తర్వాత సైటు అసలు ఎందుకన్న వాదం బలపడింది. అందులో సగం నిజం ఉంది. బేరమూ చెల్లింపూ చరవాణిలోనే ముగుస్తాయి. మిగిలిన సగం ఏమంటే, వాట్సాప్ తెలిసినవారితో మాట్లాడడానికే పనికివస్తుంది, తెలియనివారు వెదికితే అందులోని సమాచారం దొరకదు. నిన్నటి సందేశం రేపటికి కిందికి జారిపోతుంది.

4. చట్టం గీసిన గీత

సొంత సైటుకూ పరుల అంగడికీ మధ్య భేదం కేవలం భావన కాదని చెప్పడానికి పన్ను చట్టమే సాక్ష్యం. 2017 జూలై 1న అమలులోకి వచ్చిన జి.ఎస్.టి. చట్టం నిర్ణీత పరిమితి కంటే తక్కువ వ్యాపారం చేసేవారికి నమోదు నుంచి మినహాయింపు ఇచ్చింది. కానీ ఈ-కామర్స్ సంస్థ ద్వారా సరుకు అమ్మేవారికి ఆ మినహాయింపు వర్తించలేదు. మొదటి రూపాయి నుంచే నమోదు తప్పనిసరి. అదే మనిషి అదే సరుకును తన దుకాణంలో గాని, తన సొంత సైటులో గాని, తన రాష్ట్రంలోపలి వారికి అమ్ముకుంటే పరిమితి దాటేవరకు నమోదు అక్కరలేదు. ఇతర రాష్ట్రాలకు పంపితే నమోదు కావాలన్న నిబంధన నుంచి కూడా చేనేత వస్త్రాలతో సహా కొన్ని చేతివృత్తుల సరుకులకు 2017 సెప్టెంబరులోనే షరతులతో కూడిన సడలింపు వచ్చింది.

దీని ఫలితం విచిత్రం. చిన్న నేతగాడు తన సైటులో పరరాష్ట్రానికి చీర అమ్మవచ్చు, పెద్ద అంగడి ద్వారా పక్క ఊరికి అమ్మాలంటే మాత్రం నెలవారీ లెక్కలు దాఖలు చేసే యంత్రాంగంలోకి రావాలి. రాష్ట్రం లోపలి అమ్మకాలకు ఈ నిర్బంధాన్ని 2023 అక్టోబరు 1 నుంచి తొలగించారు. ఆరేళ్లకు పైగా సాగిన ఈ కాలంలో సొంత సైటే చిన్నవారికి చట్టరీత్యా తేలిక దారి అన్న సంగతి ఎంతమందికి తెలిసిందో అనుమానమే. సులువన్న పేరు మాత్రం పెద్ద అంగళ్లకే దక్కింది.

5. ఏ పనికి ఏ సైటు

సైట్లలో పలురకాలున్నా ఎంపికకు ఆధారం సాంకేతికత కాదు, సరుకు స్వభావం. కాలినడక దూరంలోని వారే వచ్చే దర్జీకో టిఫిన్ సెంటరుకో పటంలో సరైన గుర్తింపు, వేళలు, ఫోను నంబరు ఉన్న ఒక్క పేజీ చాలు. అంతకు మించినది దండగ.

పోచంపల్లి విషయం అలా కాదు. పోచంపల్లి ఇక్కత్ దేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన తొలి ఉత్పత్తులలో ఒకటి. నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దే ఈ పనిలో, ఒకే పడుగు మీద దిగిన కొన్ని చీరలు తప్ప, ఒకదానికి మరొకటి అచ్చంగా కలవదు. వందల సంఖ్యలో ఒకే సరుకు ఉంటుందన్న ఊహ మీద నిర్మించిన బుట్టా చెల్లింపూ గల దుకాణపు సైటు దీనికి సరిపడదు. అమ్ముడైన చీర బొమ్మ సైటులో మిగిలిపోతుంది, కొత్త చీరకు బొమ్మ తీసేవారు ఉండరు. ఇక్కడ కావలసినది చిట్టా పద్ధతి. నేత విధానం, నూలు రకం, నేసినవారి ఊరు, అసలుకూ యంత్రం మీద అచ్చు వేసిన నకలుకూ తేడా చెప్పే పేజీలు, విచారణకు ఒక నంబరు ఉండాలి. నకలు చౌకగా దొరికే బజారులో తేడా వివరించే చోటు ఉండడం నేతగానికి బతుకుతెరువు విషయం. అంగళ్ల సముదాయంలో ధర పక్కన ధర కనిపిస్తుంది గాని పడుగూ పేకా కనిపించవు.

ఆత్రేయపురం పూతరేకులది మరో దారి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిఠాయి లెక్కబెట్టి పెట్టెలో సర్దగలిగినది. నెయ్యి, బెల్లం, పంచదార రకాలకు ధర స్థిరంగా ఉంటుంది. పండుగకు ఒకసారి తెప్పించుకున్న ఇల్లు మరో పండుగకూ తెప్పించుకుంటుంది. హైదరాబాదులోనూ విదేశాలలోనూ ఉన్న తెలుగువారు దీనికి సహజ కొనుగోలుదారులు. పచ్చళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఇక్కడ చెల్లింపుతో కూడిన పూర్తి దుకాణపు సైటు ఖర్చును రాబట్టుకుంటుంది. ఎందుకంటే తిరిగి కొనేవారి ఆచూకీ వ్యాపారి దగ్గరే నిలుస్తుంది. అలాగని సముదాయంలో అమ్మకం మానుకోనక్కరలేదు. కొత్తవారిని అక్కడ కలుసుకొని, పెట్టెలో వేసిన చీటీ ద్వారా సొంత వాకిలికి పిలుచుకోవడానికి ఆ అంగడి నియమాలు ఎంతవరకు ఒప్పుకుంటాయో ముందే చూసుకోవాలి.

ఏ రకం ఎంచుకున్నా అందరికీ సమానమైన చిక్కు ఒకటి ఉంది. సైటు తయారుచేసిన వ్యక్తి డొమైన్ పేరును తన మెయిలుతో, తన నంబరుతో నమోదు చేయడం మామూలు. వ్యాపారి సైటు తనదేననుకుంటాడు. తయారుచేసినవాడు ఊరు మారినా, పని మానినా, ఏటేటా కట్టవలసిన కొన్ని వందల రూపాయల గడువు కబురు పాత మెయిలుకే వెళుతుంది. గడువు దాటి, తిరిగి పొందే వ్యవధి కూడా ముగిశాక ఆ పేరును మరెవరైనా తీసుకోవచ్చు. నమోదు పత్రంలో యజమాని గడిలో ఎవరి పేరు ఉన్నదో, సైటు రంగులు ఎంచుకునే ముందే చూసుకోవలసినది అదే.