నీటి జాడ తెలిసినోళ్ళ రాజ్యం



మేము చదివే పుస్తకాల్లో రాజ్యం అంటే కోట, గుడి, శాసనం. ఇల్లు లేకుండా తిరిగేటోళ్ళకు చరిత్ర లేదన్నట్టే రాస్తారు. అట్లా తిరిగినోళ్ళే కట్టిన ఒక రాజ్యం గురించి ఈరోజు చెప్పుకుందాం. వాళ్ళు నబతీయులు. ఇప్పటి జోర్డాన్ ఎడారి వాళ్ళ నేల.

క్రీ.పూ. 312లో అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడైన ఆంటిగోనస్ వాళ్ళ మీదికి సైన్యాన్ని పంపాడు. ఆ సంగతి రాసిన గ్రీకు రచయిత డయోడోరస్ లెక్కలో అప్పుడు వాళ్ళు పదివేల మంది చిల్లర. పంట వేయకూడదు, ఇల్లు కట్టకూడదు, తప్పితే చావే శిక్ష. ఆస్తి ఉన్నోడిని బలవంతుడు సులువుగా లొంగదీసుకుంటాడని వాళ్ళ నమ్మకం. నేల కింద నీటి తొట్లు తవ్వి, మూతి చిన్నగా ఉంచి కప్పేసేవాళ్ళు. గుర్తులు వాళ్ళకే తెలుసు. శత్రువు వస్తే ఎడారిలోకి పోయేవాళ్ళు, వెంటపడినోడికి చుక్క నీళ్ళు దొరికేవి కావు. ఆంటిగోనస్ రెండుసార్లు సైన్యం పంపినా వాళ్ళు లొంగలేదు.

వాళ్ళ వ్యాపారానికీ ఆ నీళ్ళే ఆధారం. దక్షిణ అరేబియా సాంబ్రాణి, బోళం ఒంటెల మీద గాజా రేవుకు చేరాలంటే వాళ్ళ నేల దాటాలి. దారి చూపి, నీళ్ళిచ్చి, సుంకం తీసుకున్నారు. ఆ డబ్బుతోనే తర్వాతి తరాలు కొండను తొలిచి పెట్రా నగరం కట్టాయి. కాలువలు, మట్టి గొట్టాలతో వాననీటిని ఊళ్ళోకి మళ్ళించారు. నాలుగో అరెటస్ కాలం (క్రీ.పూ. 9 – క్రీ.శ. 40) వాళ్ళకు మంచి కాలం.

కానీ రుతుపవనాల గాలి పట్టుకుని ఓడలు ఎర్రసముద్రం మీదుగా నేరుగా ఈజిప్టుకు పోవడం పెరిగింది. మెల్లగా ఒంటెల దారికి గిరాకీ తగ్గింది. క్రీ.శ. 106లో రోమ్ చక్రవర్తి ట్రాజన్ ఆ రాజ్యాన్ని కలిపేసుకున్నాడు. 363 భూకంపం పెట్రాను బాగా దెబ్బతీసింది. రాజ్యం పోయినా వాళ్ళ లిపి పోలేదు, అందులోంచే అరబిక్ లిపి పుట్టింది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. 1985లో పెట్రా యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఆ రోజుల్లోనే అక్కడి గుహల్లో బతుకుతున్న బెదూల్ తెగను పక్కనున్న కొత్త ఊరికి తరలించారు. రాళ్ళు వారసత్వం అయ్యాయి, మనుషులు అడ్డం అయ్యారు. ఈ మాట మనకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

పెట్రా చూసినోళ్ళు రాతి గోడనే మెచ్చుకుంటారు. దానికి ముందే కప్పిపెట్టిన నీటి తొట్టి ఉంది. మన పెద్దోళ్ళకూ ఏ ఎండాకాలంలో ఏ చెలమ ఊరుతుందో తెలుసు. సెలవులకు పోయినప్పుడు అడిగి రాసుకోండి, ఇక్కడ పెట్టండి. అదీ చరిత్రే.